నగర గాలికి ఏ నిబంధన ముందు? స్థానిక సంస్థల ముందున్న దారుల పోలిక

పురపాలక సంఘం గాలి కాలుష్యం మీద చర్చకు కూర్చుంటే ప్రతిపాదనలు వరసగా వస్తాయి. చెత్త తగలబెడితే జరిమానా, నిర్మాణాల దుమ్ముకు కట్టడి, పాత డీజిల్ బళ్లకు నగరం నడిబొడ్డున ప్రవేశ నిషేధం, రద్దీ రుసుము (రద్దీ ప్రాంతంలోకి వచ్చే బండి కట్టాల్సిన డబ్బు), సరి–బేసి (నంబరును బట్టి కొన్ని రోజులు బండి తీయనివ్వకపోవడం), బొగ్గు మీద నిషేధం, ఫ్యాక్టరీ పొగగొట్టాలకు పరిమితి, కూడలిలో గాలి శుద్ధి గోపురం. అన్నీ అవసరమే అనిపిస్తాయి. అన్నిటినీ ఒకేసారి అమలు చేసేంత సిబ్బంది మాత్రం దాదాపు ఏ ఊళ్లోనూ ఉండరు. పది నిబంధనలు కాగితం మీద రాసుకున్న నగరం కన్నా రెండింటిని పట్టుదలగా అమలు చేసిన నగరంలోనే గాలి మారుతుంది. ఆ రెండూ ఏవో తేల్చుకోవాల్సిన వార్డు సభ్యులకు, అధికారులకు, వాళ్లను అడిగే కాలనీ సంఘాలకు ఈ పోలిక.

## ముందు తేల్చుకోవాల్సినవి

గాలిలో ఉన్నది పొగా, దుమ్మా? ఇది తేలకుండా మిగతా చర్చంతా వృథా. పీఎం 10 అంటే గాలిలో తేలే, 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా చిన్న కణాలన్నీ. వాటిలో 2.5 మైక్రాన్లకు లోబడిన సన్నటివి పీఎం 2.5. సన్నటివి ఎక్కువగా మంట నుంచి పుడతాయి, ఊపిరితిత్తుల అడుగుదాకా చేరేవీ అవే. ముతకవి ఎక్కువగా మట్టి, సిమెంటు, రాతిపొడి. కాబట్టి కొలత కేంద్రం ఇచ్చే పీఎం 2.5 అంకెను పీఎం 10 అంకెతో భాగించి చూడండి. ఘనపు మీటరు గాలిలో పీఎం 10 రెండు వందల మైక్రోగ్రాములు, పీఎం 2.5 అరవై ఉంటే నిష్పత్తి 0.3. అక్కడ దుమ్ముదే పైచేయి. అదే రెండు వందలకు నూట ముప్పై ఉంటే 0.65. ఎక్కడో ఏదో మండుతోందన్నమాట.

ఏడాది సగటుతో సరిపెట్టుకోకుండా నెలవారీగా, గంటలవారీగా కూడా చూడాలి. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో నైట్రోజన్ డయాక్సైడ్ కూడా కలిసి పెరిగితే అనుమానం బళ్ల మీదికి వెళ్లాలి. చలికాలం రాత్రిళ్లు సన్నటి కణాలు మాత్రమే బాగా పెరిగితే కట్టెలు, బొగ్గు, చెత్త మంటలు. ఒక దిక్కు నుంచి గాలి వీచినప్పుడే పెరిగితే ఆ దిక్కున ఉన్న ఫ్యాక్టరీనో, క్వారీనో, డంపింగ్ యార్డునో వెతకండి. చల్లని రాత్రుల్లో కాలుష్యం కలిసిపోయే గాలిపొర నేలకు దగ్గరగా దిగుతుంది, అందువల్ల ఏమీ కొత్తగా మండకపోయినా అంకెలు పెరుగుతాయి. ఒక్క కాలుష్యకాన్ని చూసి తీర్పు చెప్పకూడదనడానికి కారణం ఇదే.

నగరంలోని కేంద్రాలన్నీ రోజంతా దాదాపు ఒకే స్థాయి చూపిస్తుంటే పెద్ద వాటా బయటి నుంచి వస్తోంది. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, అమ్మోనియా ప్రయాణిస్తూనే గాలిలో సన్నటి కణాలుగా మారతాయి. ఆ వాటాను నగర నిబంధన తాకలేదు. పొరుగు ప్రాంతాలతో ఉమ్మడి ఒప్పందం ఒక్కటే దానికి దారి.

అధికారం ఎవరిది? ఇంధనంలో గంధకం ఎంత ఉండాలి, కొత్త బండి ఎంత పొగ వదలవచ్చు అన్నవి సాధారణంగా జాతీయ ప్రభుత్వాల చేతిలో ఉంటాయి. ఏ వీధిలోకి ఏ బండి రావాలి, నిర్మాణ అనుమతికి ఏ షరతులు పెట్టాలి, చెత్త ఎలా తీయాలి అన్నవి నగరం చేతిలో ఉంటాయి. చేతిలో లేని అధికారంతో చేసిన నిబంధన మొదటి కేసులోనే కొట్టుకుపోతుంది.

తనిఖీ ఎలా? కంటితోనో, కెమెరాతోనో తేలే నిబంధన చవక. పరికరం పెట్టి కొలిస్తేగాని తేలనిది ఖరీదు. లక్ష ఇళ్లను తనిఖీ చేయడం కన్నా యాభై దుకాణాలను తనిఖీ చేయడం తేలిక.

తప్పించుకునే దారి ఏది, భారం ఎవరి మీద? నిబంధన రాసేవాళ్లు పాటించేవాళ్ల స్థానంలో కూర్చుని, దీన్ని తక్కువ ఖర్చుతో ఎలా దాటవచ్చో ముందే ఆలోచించాలి. పేదవాళ్ల మీదే భారం పడి ప్రత్యామ్నాయం దొరకకపోతే ఏ జరిమానా పనిచేయదు.

జనం పీల్చేది ఎంత తగ్గుతుంది? టన్నుల లెక్క మోసం చేస్తుంది. ఎత్తైన పొగగొట్టం వదిలే ఒక టన్ను, వీధిలో ముక్కు ఎత్తున మండే ఒక టన్ను సమానం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పీఎం 2.5 ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు, పీఎం 10 సగటు 15, నైట్రోజన్ డయాక్సైడ్ సగటు 10 మించకూడదు. చాలా నగరాలకు ఇవి ఇప్పట్లో అందే అంకెలు కావు. అయినా ఎటు నడవాలో చెబుతాయి.

## ఒక్క చూపులో

| నిబంధన | దేన్ని తగ్గిస్తుంది | ఫలితానికి పట్టే కాలం | తనిఖీ | ఎక్కువగా చెడేది ఎక్కడ |
|---|---|---|---|---|
| చెత్త మంటల నిషేధం | పీఎం 2.5, విషవాయువులు | వారాలు | కంటితో | చెత్త తీయకుండా జరిమానా వేయడం |
| నిర్మాణ, రోడ్డు దుమ్ము | పీఎం 10 | వారాలు | కంటితో | నీళ్లు చల్లి వదిలేయడం |
| ఘన ఇంధన నిషేధం | పీఎం 2.5, మసి | ఒకటి రెండు చలికాలాలు | అమ్మేచోట | ప్రత్యామ్నాయం ఇవ్వకపోవడం |
| పాత బళ్ల ప్రవేశ నిషేధం | నైట్రోజన్ డయాక్సైడ్, మసి | 1–3 ఏళ్లు | కెమెరా | మినహాయింపులు |
| రద్దీ రుసుము | రద్దీ, కొంతమేర పొగ | మొదటి రోజు నుంచే | కెమెరా | బస్సులు పెంచకపోవడం |
| సరి–బేసి | రద్దీ, కొద్దిగా పొగ | మొదటి రోజు నుంచే | పోలీసులు | రెండో బండి కొనడం |
| పొగగొట్టాల పరిమితి | పీఎం, సల్ఫర్ డయాక్సైడ్ | 1–2 ఏళ్లు | పరికరం | తప్పుడు నివేదికలు |
| గాలి శుద్ధి గోపురం | చెప్పుకోదగ్గది లేదు | — | — | డబ్బు మళ్లడం |

## చెత్త మంటలు

చెత్త ఇంకా వీధుల్లో మండుతున్న నగరం ఏదైనా మొదట దీన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఖర్చు తక్కువ, అధికారం పూర్తిగా నగరానిదే, మంట జనం మధ్యే ఉంటుంది కాబట్టి ప్రయోజనం వెంటనే అందుతుంది. ప్లాస్టిక్ తక్కువ వేడిలో మండితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. ఫ్యాక్టరీ పొగకన్నా ఇది పరిమాణంలో చిన్నదైనా హానిలో చిన్నది కాదు.

ఎవరు తగలబెడుతున్నారు, ఎందుకు అన్నది ముందుగా ఒక వారం రాసి పెట్టుకోండి: చోటు, వేళ, మండుతున్న వస్తువు. చాలాచోట్ల తేలేవి నాలుగే. బండి రాని వీధుల్లో ఇంటి చెత్త, తీసుకెళ్లేవాళ్లు లేక గుట్టగా పోసిన ఎండుటాకులు, రాగి తీగ కోసం కాల్చే కేబుళ్లు, రాత్రి కాపలావాళ్లు చలికి వేసుకునే మంటలు. నాలుగింటికీ మందు వేరు. మొదటిదానికి చెత్తబండి వేళ మార్చాలి. ఆకులకు వార్డుకొక కంపోస్టు గుంత, రాలే కాలంలో అదనపు ట్రాక్టరు కావాలి. కాపలావాళ్లకు యజమానే హీటరు ఇవ్వాలని నిబంధన పెట్టాలి. జరిమానా, నిఘా కేబుళ్లు కాల్చేవాళ్ల దగ్గరే నిజంగా పనికొస్తాయి. మంటలు ఎక్కువగా తెల్లవారుజామున, చీకటి పడ్డాక లేస్తాయి గనుక పది నుంచి ఐదు దాకా తిరిగే తనిఖీ బృందానికి ఏమీ కనిపించదు.

డంపింగ్ యార్డు మంట వేరే సమస్య. లోపల కుళ్లిన చెత్త నుంచి మీథేన్ వస్తూ వారాల తరబడి రాజుకుంటుంది. పైన నీళ్లు పోస్తే పొగ పెరుగుతుంది కానీ లోపలి మంట ఆరదు. గుట్టను పొరలుగా విప్పి చల్లార్చి, మట్టి కప్పి గాలి అందకుండా చేయాలి. తడి చెత్త యార్డుకు చేరకుండా ఆపడమే శాశ్వత పరిష్కారం.

## దుమ్ము: నీళ్ల ట్యాంకరు కన్నా ముందు చూడాల్సినవి

నిష్పత్తి 0.4 కన్నా తక్కువ ఉన్న నగరాలకు ఇది ముఖ్యం. 0.6 దాటిన నగరం తన డబ్బంతా దీనికే పోస్తే పీఎం 10 అంకె కొంత అందంగా కనిపిస్తుంది, ఆసుపత్రికి వచ్చే రోగులు మాత్రం తగ్గరు.

నిర్మాణ స్థలం నుంచి వీధిలోకి దుమ్ము చేరేది ప్రధానంగా లారీ చక్రాల వల్ల. చక్రాలకు అంటుకున్న మట్టి రోడ్డు మీద పడి, ఎండి, తర్వాత వచ్చే ప్రతి బండి కిందా పొడిగా లేస్తుంది. అందుకే అనుమతి పత్రంలో మొదటి షరతు గేటు దగ్గర చక్రాలు కడిగే తొట్టి, దాని తర్వాత రోడ్డు దాకా గట్టి నేల. మట్టి నేల మీదుగా బయటికి వెళ్తే కడిగిన చక్రానికి మళ్లీ మట్టి అంటుతుంది. రెండో షరతు ఇసుక, మట్టి, సిమెంటు గుట్టలకు కప్పు, లారీలకు గట్టిగా కట్టిన టార్పాలిన్. మూడోది రాయి, టైల్సు కోత నీటితోనే. చుట్టూ కట్టే ఆకుపచ్చ తెర నాలుగో స్థానంలోకి వస్తుంది. ఫొటోలో అదే బాగా కనిపిస్తుంది గనుక తనిఖీలు దానితోనే ముగుస్తుంటాయి.

రోడ్డు మీద నీళ్లు చల్లితే ఎండవేళ గంట రెండు గంటల్లో ఆరిపోతుంది, బురదగా మారిన మన్ను మళ్లీ పొడి అవుతుంది. ఊడ్చే యంత్రానికి పీల్చే ఏర్పాటు, తడిపే ఏర్పాటు లేకపోతే అది సన్నటి దుమ్మును గాలిలోకి లేపుతుంది. ఊడ్చి పక్కన పోగేసిన మట్టిని అదే రాత్రి ఎత్తకపోతే తెల్లారేసరికి మళ్లీ రోడ్డు మీదికి చేరుతుంది. తారుకూ కాలిబాటకూ మధ్య ఖాళీగా వదిలిన మట్టి అంచును రాళ్లతోనో, గడ్డితోనో మూయడానికి ఒక్కసారే ఖర్చు. ఏడాది పొడవునా ట్యాంకర్లు తిప్పడం కన్నా ఇది మేలు.

## బొగ్గు, కట్టెలు: అమ్మేచోట ఆపడం

ఇళ్లలో, చిన్న బట్టీల్లో ఘన ఇంధనం మండే నగరాలకు ఇంతకన్నా బలమైన నిబంధన లేదు. 1952 డిసెంబరు పొగమంచు వేలమందిని బలి తీసుకున్నాక బ్రిటన్ 1956లో తెచ్చిన స్వచ్ఛ గాలి చట్టం, పొగ నియంత్రణ ప్రాంతాలను ప్రకటించే అధికారాన్ని స్థానిక సంస్థలకే ఇచ్చింది.

ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో 1990 సెప్టెంబరు 1న వచ్చిన నిషేధం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అక్కడ పొగ ఎక్కువ వచ్చే బొగ్గును అమ్మడాన్ని, పంపిణీ చేయడాన్ని ఆపారు. ఇంటింటికీ వెళ్లి పొయ్యి చూడాల్సిన పని తప్పింది. గాలిలో మసి దాదాపు 70 శాతం తగ్గింది.

ఆస్ట్రేలియాలోని లాన్‌సెస్టన్ 2001 నుంచి కట్టెల హీటర్ల బదులు కరెంటు హీటర్లకు రాయితీ, ప్రచారం, తనిఖీ మూడూ కలిపి నడిపింది. చలికాలంలో పీఎం 10 సగటు 44 నుంచి 27 మైక్రోగ్రాములకు దిగింది. పోలండ్‌లోని క్రాకోవ్ 2019 సెప్టెంబరులో బొగ్గును, కట్టెలను పూర్తిగా నిషేధించింది. అంతకు ముందు చాలా ఏళ్లు పాత బాయిలర్లు మార్చుకోవడానికి ఇళ్లకు డబ్బిచ్చింది. నిషేధం తర్వాత కూడా పొరుగు ఊళ్ల పొగ మాత్రం నగరంలోకి వస్తూ ఉండేది.

జాగ్రత్తపడాల్సిన ఉదాహరణ మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్. 2019 మేలో ముడి బొగ్గును నిషేధించి, దాని బదులు పొడి చేసి అచ్చుపోసిన బొగ్గు ఇటుకలను అందించారు. ఆ చలికాలం మొదట్లోనే కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం కేసులు వచ్చాయి, ప్రాణాలూ పోయాయి. కొత్త ఇంధనం పాత పొయ్యిలో పాత తీరుగా మండదు. ఇంధనం మార్చే ఏ నగరమైనా చలి మొదలవకముందే పొగగొట్టాలు శుభ్రం చేయించాలి, పొయ్యి వాడకం నేర్పాలి, ఇంటికొక కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇవ్వాలి.

## వాహనాలు: మూడు దారులు

పాత బళ్ల ప్రవేశ నిషేధం. నైట్రోజన్ డయాక్సైడ్, డీజిల్ మసి ఎక్కువ ఉన్న నగరాలకు ఇదే సరైనది. లండన్ అతి తక్కువ ఉద్గారాల మండలాన్ని 2019 ఏప్రిల్‌లో నగర మధ్యభాగంలో మొదలుపెట్టి, 2021 అక్టోబరులో విస్తరించి, 2023 ఆగస్టులో నగరమంతటికీ వర్తింపజేసింది. యూరో అంటే బళ్ల పొగకు ఐరోపా పెట్టిన ప్రమాణాల వరస, అంకె పెరిగేకొద్దీ పరిమితి కఠినం. పెట్రోలు కారుకు యూరో 4, డీజిల్ కారుకు యూరో 6 ప్రమాణం ఉండాలి, లేకపోతే మండలంలో తిరిగే ప్రతి రోజూ రుసుము కట్టాలి.

డీజిల్‌కు గీత ఎక్కడ గీయాలన్నదే కీలకం. యూరో 5 డీజిల్ కారుకు కిలోమీటరుకు 180 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు, యూరో 6కు 80 పరిమితి. అయితే యూరో 5 బళ్లు ప్రయోగశాలలో పాసై, రోడ్డు మీద దానికి ఎన్నో రెట్లు వదిలాయని 2015 సెప్టెంబరులో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ కార్ల కుంభకోణం తర్వాత అందరికీ తెలిసింది. యూరో 5 డీజిల్‌ను లోపలికి రానిచ్చే మండలంలో మసి తగ్గుతుంది, నైట్రోజన్ డయాక్సైడ్ మాత్రం పెద్దగా తగ్గదు. మీ సమస్య ఏది అన్నదాన్ని బట్టి గీత మారుతుంది.

ముందు లారీలు, బస్సులతో మొదలుపెట్టడం మేలు. సంఖ్యలో తక్కువ, పొగలో ఎక్కువ, యజమానులు లెక్కకు దొరుకుతారు. కనీసం ఏడాది ముందే తేదీ ప్రకటించాలి, చిన్న వ్యాపారులకు పాత బండి మార్పిడి సాయం అదే రోజు ప్రకటించాలి. మినహాయింపులకు గడువు తేదీ రాయకపోతే అవి శాశ్వతమవుతాయి.

రద్దీ రుసుము. స్టాక్‌హోమ్ 2006 జనవరి నుంచి జులై దాకా ప్రయోగంగా నడిపి, సెప్టెంబరులో ప్రజాభిప్రాయం అడిగి, 2007 ఆగస్టులో శాశ్వతం చేసింది. రుసుము ప్రాంతం సరిహద్దు దాటే రాకపోకలు ఐదో వంతు మేర తగ్గాయి. అదనపు బస్సులను రుసుముకు నెలల ముందే, 2005 ఆగస్టులోనే రోడ్డెక్కించారు. ఈ వరస తారుమారైతే జనం ఒప్పుకోరు. రద్దీ రుసుము కొత్త బండికీ పాత బండికీ తేడా చూడదు. అందువల్ల రద్దీ మీద ప్రభావం ఎక్కువ, గాలి మీద తక్కువ. వచ్చే ఆదాయాన్ని బస్సులకే కేటాయిస్తే గాలికి కలిగే ప్రయోజనం పెరుగుతుంది.

సరి–బేసి. మెక్సికో నగరం 1989 నవంబరులో నంబరు చివరి అంకెను బట్టి వారంలో ఒక రోజు బండి తీయకూడదన్న నిబంధన పెట్టింది. జనం రెండో బండి కొన్నారు, అదీ తరచుగా పాతది. తర్వాత జరిగిన పరిశీలనలో గాలి మెరుగుపడిన ఆధారం దొరకలేదు. ఢిల్లీలో 2016 జనవరిలో పదిహేను రోజులు అమలు చేసినప్పుడు ద్విచక్ర వాహనాలకు మినహాయింపు ఇచ్చారు. కొద్ది రోజుల అత్యవసరానికి ఇది పనికొస్తుంది. శాశ్వత నిబంధనగా వద్దనే నా సలహా.

## ఫ్యాక్టరీల పొగగొట్టాలు

బాయిలర్లున్న చిన్న, మధ్య తరహా పరిశ్రమలు నగరాన్ని ఆనుకుని ఉంటే ఈ దారి తప్పదు. చెడిపోయేది దాదాపు ఎప్పుడూ కొలతలోనే. గుజరాత్‌లో ఫ్యాక్టరీయే డబ్బిచ్చి పెట్టుకున్న ఆడిటర్ల నివేదికల్లో అంకెలు పరిమితికి కాస్త కిందే గుంపుగా పడుతున్నాయని పరిశోధకులు గమనించారు. ఆడిటర్‌ను లాటరీతో కేటాయించి, జీతం ఉమ్మడి నిధి నుంచి ఇచ్చి, కొన్నింటిని తిరిగి కొలిచినప్పుడు నివేదికలు నిజానికి దగ్గరయ్యాయి, కాలుష్యమూ తగ్గింది.

ఇంకో అడుగు ముందుకేసి సూరత్‌లో 2019లో కణాల ఉద్గారాలకు అనుమతుల మార్కెట్ మొదలైంది. ప్రతి పొగగొట్టానికి నిరంతర కొలత యంత్రం, అందరికీ కలిపి ఒక గరిష్ఠ పరిమితి, తక్కువ వదిలినవాళ్లు మిగిలిన అనుమతులను అమ్ముకోవచ్చు. పాత పద్ధతిలో ఉన్న ఫ్యాక్టరీలతో పోలిస్తే ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయి. ఇది యంత్రాల క్రమాంకనం, అంటే అవి సరిగా కొలుస్తున్నాయో లేదో, చూసే సిబ్బంది ఉన్నచోటే నిలబడుతుంది. లేనిచోట ఇంధనం మార్పించడం, అంటే బొగ్గు బదులు గ్యాసు వాడించడం, తేలికైన నిబంధన. ఏ ఇంధనం వాడుతున్నారో బిల్లులు చూస్తే తెలిసిపోతుంది.

## గాలి శుద్ధి గోపురం ఎందుకు వద్దు

లెక్క వేసి చూద్దాం. వంద చదరపు కిలోమీటర్ల నగరం, 500 మీటర్ల ఎత్తు గాలిపొర అనుకుంటే మొత్తం గాలి 5,000 కోట్ల ఘనపు మీటర్లు. సెకనుకు వెయ్యి ఘనపు మీటర్లు శుభ్రం చేసే పెద్ద గోపురానికి ఆ గాలినంతా ఒక్కసారి పీల్చడానికి సుమారు 19 నెలలు పడుతుంది. ఈలోగా సెకనుకు రెండు మీటర్ల మందగాలి వీచినా పది కిలోమీటర్ల నగరంలోని గాలి గంటన్నరలోపే పూర్తిగా మారిపోతుంది. కూడళ్లలో నీటి తుంపర్లు చిమ్మే ఫిరంగులు కూడా సన్నటి కణాల మీద ఇలాగే తేలిపోతాయి. ఆ డబ్బుతో చెత్త బళ్లు కొనండి.

## ఏ నగరానికి ఏది

చిన్న పట్టణం, తక్కువ సిబ్బంది, తెరిచి ఉన్న చెత్త: చెత్త మంటలు, నిర్మాణ దుమ్ము. ఈ రెండింటికీ కొత్త పరికరం అక్కర్లేదు.

వేగంగా పెరుగుతున్న నగరం: దుమ్ము షరతులను నిర్మాణ అనుమతికి కట్టి, పాటించకపోతే పని ఆపే ఉత్తర్వు ఇవ్వండి. బిల్డర్‌కు జరిమానా కన్నా ఒక రోజు పని ఆగడం ఎక్కువ నష్టం. దానితోపాటు లారీలు, బస్సులతో వాహన నిబంధన మొదలుపెట్టండి.

చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకునే నగరం: ఘన ఇంధనం. మిగతావన్నీ దాని తర్వాతే.

మంచి బస్సులు, మెట్రో ఉన్న పెద్ద నగరం: పాత బళ్ల ప్రవేశ నిషేధం. రద్దీ కూడా భరించలేనంత ఉంటే రుసుము.

బయటి కాలుష్యం ఎక్కువగా వచ్చిపడే నగరం: పొరుగు ప్రాంతాలతో ఉమ్మడి సంస్థ, దానితోపాటు అంచనాల ఆధారంగా నడిచే అత్యవసర దశల ప్రణాళిక. గాలి చెడిపోయాక పనులు ఆపితే ఆలస్యమే. వాతావరణ అంచనా చూసి రెండు మూడు రోజుల ముందే ఆపాలి.

## పనిచేసిందో లేదో తెలుసుకోవడం

నిబంధన మొదలవడానికి కనీసం ఒక పూర్తి ఏడాది ముందు నుంచే కొలతలు ఉండాలి. ఈ జనవరిని గత జనవరితో పోల్చండి, గత అక్టోబరుతో కాదు. వాన పడిన రోజులను విడిగా పెట్టండి. నిబంధన వర్తించని, అదే వాతావరణం ఉన్న ఒక చోటును పోలికకు ఎంచుకోండి. రెండుచోట్లా ఒకేలా తగ్గితే ఆ ఘనత గాలివానది.

చవక సెన్సర్లు కాంతి చెదరడాన్ని బట్టి కణాలను అంచనా వేస్తాయి. తేమ ఎక్కువైనప్పుడు కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి, అంకె పెరిగిపోతుంది. ముతక దుమ్మును ఇవి సరిగా పట్టలేవు కాబట్టి దుమ్ము నిబంధన ఫలితాన్ని వీటితో తేల్చకూడదు. వాడే ముందు, ఆ తర్వాత ప్రతి సీజన్‌లో రెండు వారాలు ప్రామాణిక యంత్రం పక్కన పెట్టి సరిచూడాలి.

అంకె కదలకపోతే నిబంధన రద్దు చేసే ముందు పాటింపును లెక్కించండి: వంద లారీల్లో ఎన్నింటికి టార్పాలిన్ ఉంది, వంద నిర్మాణాల్లో ఎన్నింటికి చక్రాల తొట్టిలో నీళ్లున్నాయి, గత వారం కాలిన చోట్లలో ఈ వారం ఎన్ని మళ్లీ కాలాయి. పాటింపు సగం కూడా లేకపోతే మార్చాల్సింది తనిఖీని. పాటింపు బాగుండి అంకె కదలకపోతే మూలాన్ని తప్పుగా గుర్తించారు, నిష్పత్తి లెక్క దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.